ఇంటి మాట: చలి వేసిన చోట

పోయిన సంచికలో పిండివంటల మాటలు చెప్పుకున్నాం. గారెల పిండి రుబ్బాలి, అరిసెల బియ్యం దంచాలి అని రాశాను. రెండింటికీ తేడా ఏమిటని రోజ్ హిల్ నుంచి ఒక పాప ఫోన్ చేసి అడిగింది. మంచి ప్రశ్న. రోట్లో తడిపప్పు వేసి పొత్రంతో తిప్పితే రుబ్బడం. రోకలి ఎత్తి వేస్తే దంచడం. తిరగలిలో పోసి తిప్పితే విసరడం. ఇంకొకటి కూడా ఉంది: నూరడం. మన ఇళ్లలో ‘రోస్ కారీ’ అంటామే, ఆ రాతిని తెలుగులో సన్నికల్లు అంటారు. దాని మీద మసాలా పెట్టి, ముందుకూ వెనక్కూ రాస్తే అది నూరడం. ఈ నాలుగో మాటను గుర్తుంచుకోండి. దీనితో ఈరోజు పని ఉంది.

మీలో కొందరు గమనించే ఉంటారు, 2017లో రెండు సంచికల్లో ఈ శీర్షిక రాలేదు. నాకు ఆపరేషన్ అయ్యింది. ఇప్పుడు బాగానే ఉన్నాను. ఆ తర్వాత పెర్త్‌లో ఉన్న మా అమ్మాయి పట్టు పట్టింది. ‘మీ పెళ్లయి నలభై ఏళ్లు. మీరిద్దరూ కలిసి ఎప్పుడైనా ఎక్కడికైనా వెళ్లారా?’ అంది. వెళ్లాం, రోడ్రిగ్స్‌కు ఒకసారి, అదీ ఎవరిదో పెళ్లికి. అలా 2018 డిసెంబరులో పెర్త్ వెళ్లి, అక్కడి నుంచి న్యూజిలాండ్ దక్షిణ దీవికి వెళ్లాం. రెండు వారాలు, ఒక అద్దె కారు, మేమిద్దరం.

మా ఆయన ముప్పై ఏళ్లు బస్సు నడిపారు. అక్కడా మనలాగే ఎడమ వైపున నడపాలి. కాబట్టి దారి గురించి నాకు బెంగ లేదు. బెంగ వేరే. నేను బడిలో తెలుగు చెప్పాను, ఆయన ఇంట్లో విన్నారు. అంటే తెలుగు అర్థమవుతుంది, మాట్లాడరు. నలభై ఏళ్లుగా మా ఇంట్లో నడిచింది క్రియోలే. మా మనవరాలికి ఎనిమిదేళ్లు. అది ఒక ఖాళీ బిస్కెట్ డబ్బా ఇచ్చి, ‘మీరిద్దరూ అక్కడ తెలుగే మాట్లాడాలి. వేరే మాట వస్తే మాటకొక డాలరు ఇందులో వేయాలి. డబ్బా నాకు’ అంది. దీన్నే జరిమానా అంటారు. ‘దిగిన వెంటనే పిల్ల ధనవంతురాలు అవుతుంది’ అన్నారు ఆయన, క్రియోల్‌లోనే.

మొదటి చిక్కు మంచు కన్నా ముందే వచ్చింది. క్రియోల్‌లో నేను ఆయన్ని ‘తో’ అంటాను. తెలుగులో ఏమనాలి? మా అమ్మ మా నాన్నను ‘మీరు’ అనేది. నేను క్లాసులో పిల్లలకు చెప్పిందీ అదే. క్రైస్ట్‌చర్చ్ విమానాశ్రయంలో ‘ఏమండీ, మీరు పెట్టె తీసుకున్నారా?’ అన్నాను. ఆయన వెనక్కి తిరిగి, నేను ఎవరితో మాట్లాడుతున్నానా అని చూశారు! రెండు రోజులకు అలవాటైంది. ఆయన మాత్రం నన్ను ‘నువ్వు’ అన్నారు. అన్యాయమే, కానీ అది మన భాషలో పాత అన్యాయం. దాని గురించి ఇంకో నెల పోట్లాడదాం.

ముందు కొండల సంగతి. మన దీవిలో అన్నిటి కన్నా ఎత్తయిన పితోన్ దె లా పెతీత్ రివియేర్ న్వార్ 828 మీటర్లు. అక్కడి అవొరాకి శిఖరం, దానికే మౌంట్ కుక్ అని ఇంకో పేరు, 3,724 మీటర్లు. నాలుగున్నర రెట్లు. 1991 డిసెంబరులో దాని తల నుంచి పెద్ద రాతి ముక్క విరిగి పడింది. ఆ తర్వాత తల మీది మంచు కూడా అరిగింది. మళ్లీ కొలిచి 2014లో ఈ లెక్క చెప్పారు. అంతకు ముందు 3,754 అనేవారు. ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ అంతకు ముందు కొండలెక్కడం నేర్చుకున్నది ఈ వైపే. చిన్నది గుట్ట, పెద్దది కొండ, ఇంకా పెద్దది పర్వతం, దాని కొస శిఖరం. రెండు కొండల మధ్య పల్లం లోయ. కొండలను దాటించే దారి కనుమ.

క్రైస్ట్‌చర్చ్ నుంచి మూడు గంటలు నడిపాక టెకపో సరస్సు వచ్చింది. ‘చెరువు’ అన్నారు ఆయన. కాదు. మనుషులు కట్ట వేసి నీళ్లు ఆపితే చెరువు. తనంతట తాను ఏర్పడితే సరస్సు. (మన గంగా తలావ్ సరస్సే, పాత అగ్నిపర్వతం నోట్లో ఉంది.) టెకపో ఒడ్డున 1935లో కట్టిన చిన్న రాతి చర్చి ఉంది. దాని చుట్టూ ఊదా, గులాబీ రంగు పూలు నడుము ఎత్తున పూశాయి. కానీ చూడాల్సింది నీళ్లను. ఆ రంగుకు మాట వెతికాను. నీలం కాదు, ఆకుపచ్చ కాదు. చివరికి చీరల కొట్లో వాడే మాట గుర్తొచ్చింది: నెమలికంఠం. నెమలి మెడ రంగు. ఆ నెమలికంఠంలో ఒక చెంబు పాలు కలిపితే టెకపో. దక్షిణాన పుకాకి సరస్సు కూడా అంతే.

ఆ పాలు ఎక్కడివి? పైన కొండల్లో మంచు ఏళ్ల తరబడి పడుతుంది. కింది మంచు పై బరువుకు గడ్డ కట్టి, గట్టి ఐసు అవుతుంది. ఆ ఐసు ఊరుకోదు, తన బరువుకు తానే మెల్లగా కిందికి జారుతుంది. దాని అడుగున రాళ్లు ఇరుక్కుని ఉంటాయి. ఆ రాళ్లు కింది రాతిని రాస్తాయి. ఇప్పుడు సన్నికల్లు గుర్తు చేసుకోండి. ఐసు నూరుతుంది. వేల ఏళ్లు నూరుతుంది. అలా వచ్చిన రాతి పిండి ఎంత మెత్తనిదంటే నీళ్ల అడుగుకు చేరడానికి కూడా చాలా కాలం పడుతుంది. అది నీళ్లలో తేలుతూ వెలుగును చెదరగొడుతుంది. అందుకే ఆ రంగు.

ఇలా కదిలే ఐసును పుస్తకాల్లో ‘హిమానీనదం’ అంటారు. హిమాని అంటే మంచు రాశి, నదం అంటే పెద్ద ఏరు. మా ఆయనకు నోరు తిరగలేదు. మూడుసార్లు ప్రయత్నించి, ‘ఐసు ఏరు’ అన్నారు. నేను టీచరును కదా, దిద్దబోయాను. తర్వాత ఆగాను. హిమానీనదం అన్నా ఐసు ఏరన్నా అర్థం ఒకటే. పైగా ఐసు ఏరు అంటే మీకు ఇప్పుడే బొమ్మ కనబడింది, అవునా?

ఇక్కడ మన భాషలో ఒక లోటు చెప్పాలి. క్రియోల్‌లో పైనుంచి పడేది లానేజ్, గడ్డ కట్టేది లాగ్లాస్, క్యూర్‌పిప్‌లో పొద్దున్నే రోడ్డు కనబడకుండా చేసేది బ్రుయార్. తెలుగులో మూడూ మంచే! గడ్డి మీది నీటి బొట్టు కూడా మంచే. తెలుగు నేల వేడి నేల, అక్కడ తెల్లవారి పొలాల మీద పట్టేదే మంచు. అందుకని మాట పక్కన ఇంకో మాట పెట్టుకుంటాం. మంచు పట్టింది, అంటే కళ్ల ముందు పొగలా ఉంది. మంచు కురుస్తోంది, అంటే పైనుంచి పడుతోంది. మంచుగడ్డ, అంటే గట్టిది. క్రియ చూసి అర్థం తెలుసుకోవాలి.

అవొరాకి పక్కన టాస్మన్ హిమానీనదం ఉంది. ఆ దేశంలో అన్నిటి కన్నా పొడవైనది, ఇరవై కిలోమీటర్లు దాటుతుంది. తెల్లగా మెరుస్తుందని ఎక్కాం. మెట్లు ఎక్కి ఎక్కి, నాలుగుచోట్ల కూర్చుని, పైకి వెళ్లి చూస్తే బూడిద రంగు రాళ్లు, బురద రంగు నీళ్లు. ఐసు మీద అంతా రాతిపొడే. కింద ఉన్న ఆ పెద్ద సరస్సు 1973లో లేదట. ఐసు కరిగి వెనక్కి పోయిన కొద్దీ అక్కడ నీళ్లు నిండాయి. అంటే మాకు పెళ్లయ్యే నాటికి అది ఇంకా గుంటలే. 2011 ఫిబ్రవరిలో క్రైస్ట్‌చర్చ్‌లో భూకంపం వచ్చినప్పుడు ఇక్కడ ఒక్కసారిగా మూడు కోట్ల టన్నుల ఐసు విరిగి ఈ సరస్సులో పడింది.

దారిలో చిన్న మడుగులు కొన్ని ఉన్నాయి. వాటి పేరు ‘నీలి సరస్సులు’. నీళ్లు మాత్రం ఆకుపచ్చ. ఒకప్పుడు ఐసు నీళ్లు వచ్చేవి, నీలంగా ఉండేవి. ఇప్పుడు వాన నీళ్లే, అందుకే పాచి పెరిగి పచ్చబడ్డాయి. పేరు మాత్రం మార్చలేదు. మా ఆయన బోర్డు చూసి, నీళ్లు చూసి, ‘అబద్ధం’ అన్నారు. జరిమానా లేకుండా వచ్చిన మొదటి పూర్తి వాక్యం అది. వాక్యమేనా అంటే, అవును, తెలుగులో ఒక్క మాట కూడా వాక్యమే.

ఆ మర్నాడు హూకర్ లోయలో నడిచాం. ఆ సంగతి చివర చెబుతాను.

క్వీన్స్‌టౌన్ గురించి ఎక్కువ చెప్పను. అందంగా ఉంది, ఖరీదుగా ఉంది, గుంపుగా ఉంది. వకాటిపు సరస్సులో నీళ్లు అరగంట తిరగకుండా కొన్ని సెంటీమీటర్లు పైకి లేచి దిగుతుంటాయి. నీటి అడుగున ఒక రాక్షసుడి గుండె కొట్టుకుంటోందని మావోరీల కథ. ఆ సరస్సు మీద 1912 నాటి ఆవిరి పడవ ఇంకా బొగ్గుతోనే నడుస్తోంది. మా ఆయన ఇంజను గది దగ్గరే నిలబడ్డారు, కొండల వైపు చూడనే లేదు.

మిల్ఫర్డ్ సౌండ్ దారిలో హోమర్ సొరంగం ఉంది. 1.2 కిలోమీటర్లు, లోపల గోడలు చెక్కిన రాయే. 1935లో ఐదుగురు మనుషులు గునపాలు, తోపుడు బండ్లతో పని మొదలుపెట్టారు. 1954లో కార్లు వెళ్లాయి. ఈ మధ్యలో కొండ మీది మంచు విరిగిపడి పనివాళ్లు చనిపోయారు. సొరంగం ముందు ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు మా ఆయన చాలాసేపు ఆ రాతినే చూశారు. ‘మా తాత. రాళ్లు. చెరకు తోట’ అన్నారు. మీకు వివరించక్కరలేదు. మన తోటల మధ్య ఇప్పటికీ ఉన్న ఆ నల్ల రాళ్ల గుట్టలు ఎవరు చేతులతో ఎత్తి పేర్చారో మీ ఇళ్లలోనూ చెబుతారు కదా.

ఆ గంభీరం ఎక్కువసేపు నిలవలేదు. కియా అని అక్కడ ఒక కొండ చిలుక ఉంది. ఆకుపచ్చగా, కోడి అంత ఉంటుంది. దానికి రబ్బరు అంటే ఇష్టం. మేము చూస్తుండగానే మా కారు కిటికీ చుట్టూ ఉన్న రబ్బరు ఒక మూర పొడవు పీకింది. మా ఆయన కిటికీ దించి దాన్ని తిట్టారు. ఒక్క గుక్కలో ఏడు డాలర్లు! కారు తిరిగి ఇచ్చినప్పుడు ఆ రబ్బరుకు అంతకన్నా ఎక్కువే కట్టాం.

మిల్ఫర్డ్‌లో వాన. ఏడాదికి 6,000 మిల్లీమీటర్లు దాటి కురిసే చోటు అది, మన క్యూర్‌పిప్‌ను ఎండాకాలం అనుకోవచ్చు. అందరూ విచారంగా పడవ ఎక్కారు. కానీ వాన పడితేనే అక్కడ చూడాలి. నిటారు కొండల మీద ప్రతి చీలికలోంచీ నీళ్లు దూకుతాయి. వాటిని జలపాతాలు అంటారు. లెక్కపెడదామని మొదలుపెట్టి నలభై దగ్గర మానేశాను. ఆ లోయను చెక్కింది కూడా పాత ఐసు ఏరే. తర్వాత సముద్రం లోపలికి వచ్చింది.

అక్కడి నుంచి హాస్ట్ కనుమ దాటి పడమటి తీరానికి వెళ్లాం. ఫ్రాంజ్ జోసెఫ్ హిమానీనదం అడవి మధ్యకు దిగి వస్తుంది. ఒక పక్క చెట్లంత ఎత్తు ఫెర్నులు, ఇంకో పక్క ఐసు. 1865లో యూలియస్ ఫాన్ హాస్ట్ అనే ఆయన దానికి ఆస్ట్రియా చక్రవర్తి పేరు పెట్టారు. ఆ చక్రవర్తి ఇక్కడికి రానే లేదు. మావోరీ పేరు వేరే. హినే హుకతెరె అనే అమ్మాయికి కొండలెక్కడం ఇష్టం. తన ప్రియుడు వావేను కూడా రమ్మని పిలిచింది. పైనుంచి మంచు విరిగిపడి వావే చనిపోయాడు. ఆమె ఏడ్చిన కన్నీళ్లు గడ్డ కట్టి ఈ ఐసు అయ్యాయి. మావోరీ పేరుకు అర్థం ‘హినే హుకతెరె కన్నీళ్లు’. 1998 నుంచి రెండు పేర్లూ కలిపి రాస్తున్నారు. ఐసు ఇప్పుడు చాలా పైకి పోయింది. దాని మీద నడవాలంటే 2012 నుంచి హెలికాప్టరులోనే వెళ్లాలి. మేము దూరం నుంచి చూసి వచ్చాం.

ఆ ఊరి దగ్గరే మేము దిగిన చోట వంట చేసుకునే వీలుంది. నేను చింతపండు పులుసు పెట్టాను. పోపు వాసనకు ఆ ఇంటి యజమానురాలు వచ్చింది. నా కన్నా పదేళ్లు చిన్నది. మేమిద్దరం మాట్లాడుకునేది గుమ్మంలో నిలబడి కాసేపు విని, ‘మా అవ్వ ఇలాగే మాట్లాడేది’ అంది, ఇంగ్లీషులో. వాళ్లది ఫిజీ. 1903 నుంచి మద్రాసు ఓడల్లో మన దక్షిణాది వాళ్లు ఫిజీ చెరకు తోటలకు వెళ్లారు. అక్కడ గిర్మిట్ అంటారు, మనం ఇక్కడ కాంట్రాక్టు కూలీలు అంటాం. వాళ్ల ఇంట్లో ఇప్పుడు ఫిజీ హిందీ, ఇంగ్లీషు. తెలుగు ఏమైనా వచ్చా అని అడిగాను. ‘రా. పో. కూర్చో. నీళ్లు’ అంది. కుక్కతో మాట్లాడినట్టు ఉందని తనే నవ్వింది. ఆగి, ‘బువ్వ తిన్నావా?’ అంది. ఆ ఒక్కటే ఆమెకు వచ్చిన పూర్తి వాక్యం. స్పష్టంగా, ఎక్కడా తడబడకుండా, ఎవరో ముసలావిడ గొంతుతో.

నేను జవాబు చెప్పలేకపోయాను. మా ఆయన చెప్పారు. ‘లేదు. రండి. కూర్చోండి.’ ముగ్గురం కలిసి తిన్నాం. (‘రండి, కూర్చోండి’ చూశారా? ‘రా, కూర్చో’కు ‘అండి’ చేర్చారు. ఎవరూ నేర్పలేదు.)

ఇప్పుడు హూకర్ లోయ. మేము వెళ్లినప్పుడు రానూపోనూ 10 కిలోమీటర్లు, మూడు ఊగే వంతెనలు. దారి మెత్తనిదే, కానీ నాకు ఆపరేషన్ తర్వాత అంత దూరం నడవడం అదే మొదలు. మూడో వంతెన మీద గాలికి కింది పలకలు కదిలాయి. ఆయన నా వెనకే ఉన్నారు. దారి చివర హూకర్ సరస్సు. బూడిద రంగు నీళ్లలో మంచుగడ్డలు తేలుతున్నాయి, వెనక అవొరాకి మబ్బు లేకుండా నిలబడి ఉంది. రాళ్ల మీద కూర్చుని పులిహోర డబ్బా తెరిచాం.

‘చలి’ అన్నారు ఆయన.

‘చలి వేస్తోంది, అనాలి’ అన్నాను. టీచరు బుద్ధి. క్రియోల్‌లో చలిని మనం పొందుతాం. తెలుగులో చలే మనకు వేస్తుంది. ‘నేను’ అనకూడదు, ‘నాకు’ అనాలి. నాకు చలి వేస్తోంది.

‘నాకు చలి వేస్తోంది. ఆకలి?’

‘అదీ అంతే. ఆకలి వేస్తోంది. దాహం వేస్తోంది.’

‘భయం?’

‘భయం వేస్తోంది. ముందెప్పుడో అయితే, భయం వేసింది.’

ఆయన పులిహోర నములుతూ కాసేపు ఊరుకున్నారు. తర్వాత ఆ సరస్సు వైపు చూస్తూనే అన్నారు: ‘నువ్వు ఆసుపత్రిలో. నాకు భయం వేసింది. రోజూ. చాలా.’

నేను ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులూ ఆయన రెండు పూటలా వచ్చారు. వచ్చిన ప్రతిసారీ ‘కొరెక్, కొరెక్’ అన్నారు. అంతా బాగుంది, అంతా బాగుంది. డాక్టరుతో అదే, పిల్లలతో ఫోన్‌లో అదే. ఈయనకు ఏమీ పట్టలేదని నేను ఏడాదిన్నర మనసులో కోపం పెట్టుకున్నాను. ఆ కోపం సంగతి ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఈ పత్రిక ఆయన చదవరు కనుక రాస్తున్నాను.

‘నాకూ’ అన్నాను.

‘నాకూ ఏమిటి?’

‘నాకూ భయం వేసింది.’

ఆయన తల ఊపి, ఒక మంచుగడ్డను చూపించి దాన్ని తెలుగులో ఏమంటారని అడిగారు.

పెర్త్‌లో మనవరాలు డబ్బా బోర్లించి లెక్కపెట్టింది. ఆయన నలభై ఒకటి, కియా తిట్లతో కలిపి. నేను అరవై మూడు. టీచరుకే ఎక్కువ! నేనే ఎక్కువ మాట్లాడాను మరి. ‘ఐసుకు కూడా వేయాలి, అది ఇంగ్లీషు మాట’ అని అది వాదించింది. ‘ఐసు తెలుగే, అవ్వను అడుగు’ అన్నారు ఆయన. నేను ఆయన పక్షమే తీసుకున్నాను.

వచ్చే సంచికకు మీ పని: ‘నాకు’తో మొదలుపెట్టి ‘వేసింది’తో ముగిసే మూడు వాక్యాలు రాసి పంపండి. చలి, ఆకలి, భయం, దాహం, ఏదైనా సరే. తప్పులు దిద్ది పంపుతాను. మూడో వాక్యం పంపడం ఇష్టం లేకపోతే, ఎవరికి చెప్పాలో వాళ్లకే చెప్పండి.